బొంగరానికో గది

కాలు ఒకచోట నిలవదని ఆఫీసులో ఆమెకు బొంగరం అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ల తప్పేం లేదు లెండి. భూకంపాలు తెచ్చే పగుళ్లను వెతుక్కుంటూ కొండల వెంట తిరగడమే ఉద్యోగం. ఎవరింటికి వెళ్లినా ముందు గోడల మూలలు చూస్తుంది, మనుషులను పలకరించడం ఆ తర్వాతే. నలభై దాటినా సొంత గడప లేదు. ఈ తిరుగుడు చూడలేక అక్క తన పాత ఇటుకల ఇంటి మీద చెల్లెలి కోసం ఒక గది లేపుతోంది. రేపే స్లాబు.

ఖర్మ కాకపోతే, ఈసారి నేల పరీక్ష కోసం కందకం తవ్వాల్సిన చోటు అక్క పెరటి వెనకే వచ్చింది. మధ్యాహ్నం అక్క టీ ఫ్లాస్కుతో అందులోకి దిగి, మట్టి గోడను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"ఎక్కడా పగులు లేదు కదే. అనవసరంగా నా గుండెలదరగొట్టావు."

పగులు లేదు, నిజమే. అయినా బొంగరం పొద్దుటి నుంచి ఆ గోడ వెంటే అటూ ఇటూ తిరుగుతోంది. గోడ గీకింది. టీ పోసుకుని తాగడం మరిచిపోయింది.

"కాసేపు కూర్చోవే తల్లీ, చూసేవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయి."

"నువ్వు ఖాళీగా ఉంటే ఈ మేకులు గుచ్చు. గోడలో ఆ నల్లమట్టి పొర ఎటు పోతే అటు."

అక్క గుచ్చుకుంటూ పోయింది. మొదట మోకాలి ఎత్తు. సగం దూరం వెళ్లేసరికి నడుం ఎత్తు. ఇంటివైపు చివరకొచ్చేసరికి చెయ్యి పైకి చాపాల్సి వచ్చింది. మేకులకు దారం కట్టాక వెనక్కి జరిగి చూసింది.

"ఇదేంటే, ఇలా లేచింది?"

"వరద తెచ్చిన మట్టి అక్కా. మొదట చదునుగానే ఉండేది. పగులు అడుగునెక్కడో దాక్కుంది. అది కదిలినప్పుడల్లా పైనున్న నేల మడతపడి లేస్తోంది. ఇంత కొత్త మట్టి కూడా వంగిందంటే అది ఇంకా బతికే ఉంది."

"మళ్లీ ఎప్పుడు?"

"తెలీదు."

"ఇంత చదివి తెలీదంటావేంటే?"

"తెలీదక్కా. ఆ పాత గోడల మీద ఇంకో గది బరువు మాత్రం వద్దు. ముందు ఉన్న గోడల్ని గట్టి చేయిద్దాం."

అనేశాక ఏడుపొచ్చింది. ఆ గదికి కిటికీ ఎటు పెట్టాలో తనే చెప్పింది, కొండ కనిపించేలా.

అక్క వాదించలేదు. మేస్త్రీకి ఫోన్ చేసి రేపు రావద్దంది. తర్వాత చేతికంటిన మట్టి దులుపుకుంటూ చెల్లెలి ముఖంలోకి చూసింది.

"మరి నువ్వెక్కడుంటావే?"