గోడ జరిగినప్పుడల్లా ఒక అతుకు

వన్ టౌన్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు సంపూర్ణమ్మకు ధర గురించి బెంగే లేదు. ఎవరు ఏ వంక పెట్టినా ఆవిడ దగ్గర జవాబుంది. వంటిల్లు ఆగ్నేయానికి మార్పించింది, మెట్లు పడగొట్టించి నైరుతిలో కట్టించింది, వీధి గుమ్మాన్ని రెండుసార్లు జరిపించింది. వాస్తు పేరు చెప్పి రూపాయి తగ్గించమనే మొనగాడెవరో రానీ అని కూర్చుంది.

ఆ ఇంటికి అంత సేవ ఎందుకంటారా? లైట్లు మిణుకుమిణుకుమనేవి. ఫ్యూజు పోయేది, మోటారు కాలేది. ఇంటికేదో దోషముందని ఆవిడ సిద్ధాంతిగారిని పిలిచేది. ఆయన ఒక గోడ జరపమనేవాడు. భర్త హనుమయ్య మాత్రం వైర్లు పాతబడ్డాయి, అవి మార్పిద్దామని గొణిగేవాడు. మీకేం తెలుసు, ఊరుకోండి అనేది ఆవిడ. పాపం, ఆ మనిషి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆవిడ మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు. కంకిపాడులో చెల్లెలి ఇంటి పక్కనే, కింది అంతస్తులో ఫ్లాటు చూసుకుంది. దానిది దక్షిణం గుమ్మం. తూర్పుకు తిప్పించడానికి రెండు లక్షలవుతుందన్నారు. ఆ రెండు లక్షలూ కలిపే ఈ ఇంటి ధర చెబుతోంది.

కొనడానికి వచ్చింది స్టెల్లా అనే టీచరు, చిన్నపిల్లల తల్లి. సంపూర్ణమ్మ ఆగ్నేయం దగ్గర మొదలుపెట్టబోయింది.

"మేం అవేం చూడమండీ ఆంటీ. ఒకసారి స్విచ్ బోర్డు విప్పిస్తాను," అంది స్టెల్లా.

స్టెల్లా వెంట వచ్చిన ఎలక్ట్రీషియన్ చక్రి హాల్లో బోర్డు విప్పాడు. లోపలి వైరు నల్లబడి, టేపు చుట్టిన అతుకులతో బయటపడింది. వంటింట్లో అంతే. మెట్ల కింద అంతే. గోడ జరిపినప్పుడల్లా పాత వైరునే తెంపి, అతికించి, పైన సిమెంటు పూసేశారు. ఏ అతుకు ఎప్పటిదో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇల్లంతా కొత్త వైరింగు చేయించుకోవాలి కాబట్టి రెండు లక్షలు తగ్గించమంది స్టెల్లా. సంపూర్ణమ్మ యాభై వేలంది, ఎనభై అంది, ఇన్నేళ్లూ మేం కాపురం చెయ్యలేదా అంది. స్టెల్లా మెత్తబడలేదు. అప్పుడు సంపూర్ణమ్మ భర్తకేసి చూసింది. నేను చెప్పలేదా అంటాడని, అంటే విరుచుకుపడదామని కాచుకునుంది. ఆయన మాత్రం చక్రి విప్పిన స్క్రూలు కింద పడకుండా అరచెయ్యి పట్టి నిలబడ్డాడు. ఆవిడకు చచ్చేంత సిగ్గేసింది.

"ఏమండీ, ఏం చేద్దామంటారు?"

ఇంటి విషయంలో ఆయన్ని అడగడం అదే మొదలు.

"ఇచ్చేద్దామే. చిన్నపిల్లలున్నవాళ్లు."

గుమ్మం తిప్పించడానికి అనుకున్న రెండు లక్షలూ తగ్గించి ఇచ్చేశారు. కంకిపాడులో దక్షిణం గుమ్మంలోంచే పాలు పొంగించడానికి లోపలికి వెళ్లారు. సిద్ధాంతిగారు రాలేదు. సాయంత్రం హనుమయ్య లైటు వేశాడు. అది ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. సంపూర్ణమ్మ దానికేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది.

"ఇన్నేళ్లూ మీరన్నది ఇదేనా?" అని అడిగింది.

ఆయన లేచి వెళ్లి ఫ్యాను వేశాడు.