గుర్వయ్య షట్టరుకు మోటారు

హాలియాలో రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నప్పుడు గుర్వయ్య ముందు భాగంలో షట్టరు గది ఒకటి వేయించాడు. కిరాణా కొట్టుకో మందుల దుకాణానికో కిరాయికి ఇవ్వాలని అతని ఆలోచన. ఏడాది గడిచినా ఒక్కరూ అడగలేదు. ఆ ఏటి వానలకు ఊరి బయట దొడ్డి బురదమయమై గొర్రెల గిట్టలు పాడవుతుంటే, "నాలుగు రోజులే" అని భార్య గోపమ్మకు చెప్పి అరవై రెండు గొర్రెల్ని ఆ గదిలోకి తోలాడు. ఆ నాలుగు రోజులు నాలుగేళ్ళయ్యాయి. ఒక పక్క సెల్‌ఫోన్ల దుకాణం, ఇంకో పక్క చెప్పుల దుకాణం, నడుమ గొర్రెలు.

గుర్వయ్యకు అరవై దాటాయి. మనిషి బక్కపలచన, పట్టుదల మాత్రం దండిగా ఉండేది. గొర్రె దగ్గు విని దాని జబ్బేమిటో చెప్పేవాడు. కాలువ కింద ఎవరి వరి ఎప్పుడు కోతకొస్తుందో, ఏ పొలంలో మంద మేపుకోవచ్చో ఆ పొలం ఆసామి కంటే ముందే అతనికి తెలిసేది. గొర్రెల విషయంలో ఎవరి మాటా వినాల్సిన అవసరం రాలేదు కాబట్టి, మిగతా విషయాల్లో కూడా వినడం మానేశాడు.

మొదట్లో తేలిగ్గానే లేచిన షట్టరు, నాలుగేళ్ళ గొర్రెల తేమకు తుప్పుపట్టి మొండికేసింది. రోజూ పొద్దున దాన్ని ఎత్తీ ఎత్తీ గుర్వయ్య కుడి భుజం పట్టేసింది. నల్లగొండ దవాఖానలో డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఇకమీదట బరువులు ఎత్తొద్దన్నాడు.

ఇంటికొచ్చి గుర్వయ్య భార్యకు అదే చెప్పాడు. "ఎత్తొద్దన్నడు గని, దించొద్దనలే."

"అంటే పొద్దుగాల నేనెత్తాలె, పొద్దుమీకి నువ్వు దించుతవు. మంచిగున్నది పంపకం!" అంది గోపమ్మ. అని వెంటనే షట్టర్ల మేస్త్రీ ముజఫ్ఫర్‌కు ఫోను చేయించింది.

ముజఫ్ఫర్ వచ్చి షట్టరును సగం దాకా లేపి, చెవి పెట్టి విన్నాడు. "మామా, దీని స్ప్రింగులు పోయినయ్. కొత్తయి ఏస్త, పట్టాలకు గ్రీజు వెడ్త. నువ్వు చెయ్యి మీదికి ఎత్తకుండ పక్కకు చెయిన్ బిగిస్త. బాయిల బొక్కెన గుంజినట్టు గుంజుడే. తక్కువల అయితది."

"దానికి రిమోట్ వస్తదా?"

"చెయిన్‌కు రిమోట్ ఏడికెళ్ళి వస్తది మామా!"

"అయితే వద్దు."

ఈ రిమోట్ పిచ్చికి కారణం చిట్యాలలో ఉన్న అతని బావమరిది లింగస్వామి. ఆ నెలలోనే మనవడి పేరు పెట్టే ఫంక్షన్‌కు పిలిచి, కుర్చీలో కూర్చునే ఇంటి గేటును రిమోట్‌తో తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూపించాడు. ఆ పూట గేటు పదకొండుసార్లు తెరుచుకుంది. గుర్వయ్యకు పిల్లవాడి పేరు గుర్తులేదు, ఆ పదకొండు మాత్రం గుర్తుంది.

మర్నాడే నల్లగొండలో పెద్ద షోరూముకు వెళ్ళాడు. లోపల చల్లగా ఉంది. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చి కూర్చోబెట్టాడు.

"ఎన్ని బండ్లు పెడతరు సార్ లోపట?"

గుర్వయ్యకు ఆ అద్దాల గదిలో గొర్రెలని చెప్పబుద్ధి కాలేదు. "అరవై రెండు," అన్నాడు.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. కూల్‌డ్రింకు తెప్పించాడు. "ట్రావెల్సా సార్?"

"గట్లనే. పొద్దుగాల పోతయ్, పొద్దుమీకి వస్తయ్."

"డీజిలా సార్, పెట్రోలా?"

గుర్వయ్యకు అబద్ధం ఆడటం అలవాటు లేదు. "గడ్డి," అన్నాడు.

కూల్‌డ్రింకు సగం తాగేలోపే కుర్రాడు ధర చెప్పాడు. గుర్వయ్య దాన్ని మనసులో గొర్రెల్లోకి మార్చుకున్నాడు. నాలుగు గొర్రెలు, ఒక పొట్టేలు. మిగతా సగం గబగబా తాగేసి బయటపడ్డాడు.

చివరికి మిర్యాలగూడలో పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది. రోడ్డు వెడల్పులో కూలగొట్టిన షాపుల్లోంచి వచ్చిన మోటారు, రిమోట్‌తో సహా. ధర ఒక్క గొర్రె, అదీ ముసలి గొర్రె.

"జోడి ఉండె పెద్దమనిషీ. ఒకటి పోయిన నెలల మీ హాలియకే పోయింది," అన్నాడు దుకాణదారు.

"మా ఊరోళ్ళకు జర తెలివెక్కువ," అన్నాడు గుర్వయ్య సంతోషంగా.

బోరు మోటార్లు బిగించే పర్వతాలు అనే మెకానిక్ వచ్చి దాన్ని బిగించాడు. రిమోట్‌కు మూడు బటన్లు. పైకి, ఆగు, కిందికి. గుర్వయ్య దానికి దారం కట్టి మెడలో వేసుకున్నాడు. పొద్దున ఆరింటికి పై బటను నొక్కితే షట్టరు గురగురమంటూ లేచింది. గొర్రెలు బెదిరి గోడకు అతుక్కుపోయాయి. మూడో రోజుకు అలవాటు పడి, చప్పుడు వినగానే బారులు తీరసాగాయి. సాయంత్రం ఆరున్నరకు మందను లోపలికి తోలి కింది బటను నొక్కేవాడు. చూడ్డానికి చెప్పుల దుకాణం వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రోడ్డుకు అవతల గజాలాకు కష్టాలు మొదలయ్యాయి. ఆమెది చీరల ఫాల్సు, రవికె గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్. రాత్రి షట్టరు దించి ఇంటికి పోతే, పదింటికి వచ్చేసరికి బార్లా తెరిచి ఉండేది. పోయింది మాత్రం ఏమీ లేదు. సాయంత్రం ఆరున్నరకు బేరం మంచి ఊపులో ఉండగా షట్టరు దానంతటదే దిగిపోయేది. గజాలా దడుచుకుని రిమోట్ ముట్టుకోకుండా, పక్క దుకాణాల వాళ్ళతో చేత్తోనే ఎత్తించుకునేది. ఇద్దరు ఆడవాళ్ళు లోపల చిక్కుకుని కేకలు పెట్టాక, ఆమె షట్టరుకు నిమ్మకాయలు కట్టించింది, తాయెత్తు కూడా వేలాడదీసింది.

"అగ్గువ మోటర్ కొన్నట్టున్నవు బిడ్డా. నన్నడిగితే మంచిది చెప్పేటోన్ని," అని గుర్వయ్య రోడ్డు దాటి వెళ్ళి మరీ సలహా ఇచ్చి వచ్చాడు.

ఎనిమిదో రోజు ముసురు పట్టింది. గొర్రెల్ని బయటికి తీయలేదు. గుర్వయ్య అరుగు మీద కూర్చుని మక్కకంకి తింటున్నాడు. పదింటికి గజాలా గొడుగు వేసుకుని వచ్చి, పర్సులోంచి రిమోట్ తీసి నొక్కింది.

గుర్వయ్య పక్కన షట్టరు గురగురమంది. అతను మెడలో రిమోట్ చూసుకున్నాడు. ముట్టుకోనేలేదు. చప్పుడు వినగానే బారులు తీరిన గొర్రెలు వానలోకి వచ్చాయి, తడి తగలగానే ఎదురుగా తెరిచి ఉన్న పొడి జాగా చూసుకున్నాయి. ముందు పొట్టేలు, వెనక మంద, రోడ్డు దాటి నేరుగా మ్యాచింగ్ సెంటర్‌లోకి నడిచాయి.

మిగిలిన వాటినైనా ఆపుదామని గుర్వయ్య కింది బటను నొక్కాడు. అవతల గజాలా షట్టరూ దిగిపోయింది. లోపల ఆమె, నలభై గొర్రెలు. భయపడి ఆమె పై బటను నొక్కింది. ఇవతలి షట్టరు లేచి మిగతా ఇరవై రెండూ బయటికొచ్చి, తోటివాటిని వెతుక్కుంటూ అటే పోయాయి. గుర్వయ్య మళ్ళీ కిందికి నొక్కాడు. ఆమె పైకి నొక్కింది. రెండు షట్టర్లూ జానెడు లేస్తూ జానెడు దిగుతూ ఊగిసలాడాయి.

"నువ్వొత్తకు కాకా!"

"ముందుగాల నువ్వొత్తుడు ఆపు బిడ్డా!"

గోపమ్మ గొంగడి నెత్తిన వేసుకుని రోడ్డు మధ్యకు వచ్చి రెండు వైపులా చూసింది. "ఇద్దరూ చేతులు ఆపుండ్రి!" అని అరిచి, మొగుడి మెడలోంచి రిమోట్ లాగేసుకుంది. కిందికి నొక్కింది.

"గజాలా, నీది దిగిందా?"

"దిగింది పెద్దమ్మా! జల్ది తియ్యి, ఒకటి నా చున్నీ తింటాంది!"

గోపమ్మ పైకి నొక్కింది. రెండూ లేచాయి. నమ్మకం కుదరక ఇంకోసారి దించి లేపింది. అప్పటికి చున్నీ సగమే మిగిలింది.

ముజఫ్ఫర్ వచ్చి రెండు మోటార్లూ విప్పి చూసి, నవ్వాపుకోలేక స్టూలు మీద కూర్చున్నాడు. "రెండూ జోడి మామా. నంబర్ ఒకటే. నీ రిమోట్‌కు ఆమెది లేస్తది, ఆమె రిమోట్‌కు నీది లేస్తది." ఐదు నిమిషాల్లో గుర్వయ్య మోటారు నంబరు మార్చేశాడు.

మోటారు మాట వినడం నేర్చుకుంది. గొర్రెలు మాత్రం వేరే పాఠం నేర్చుకున్నాయి. మర్నాటి నుంచి గురగుర వినగానే కాలువ దారి వదిలేసి, తిన్నగా రోడ్డు దాటి గజాలా షట్టరు ముందు నిలబడేవి. గుర్వయ్య అదిలించినా, బతిమాలినా కదిలేవి కావు. హైదరాబాదు బస్సు ఆగి హారను కొడుతుండేది.

నాలుగు రోజులు చూసి గుర్వయ్య తనే ముజఫ్ఫర్ దగ్గరికి వెళ్ళాడు. "గా చెయిన్ చప్పుడు చేస్తదా?" అని అడిగాడు.

"జర్రంత చేస్తది మామా, గురగుర అనది."

"అయితే పెట్టు."

కొత్త స్ప్రింగులు, గ్రీజు, చెయిను. ఎడమ చేత్తో రెండు వేళ్ళు వేసి గుంజితే షట్టరు లేచిపోయింది. గుర్వయ్య దాన్ని నాలుగుసార్లు లేపి చూసుకున్నాడు. "మోటర్ కంటే గిదే నయమని నేను ముందుగాలనే అనుకున్న," అన్నాడు. గొర్రెలు నమిలిన ముప్పై రవికె గుడ్డల్నీ గోపమ్మే కొని, అంచులు కత్తిరించి, చుట్టాలందరికీ కుట్టించి పెట్టింది. లింగస్వామి భార్యకు ముదురు పసుపుది వెళ్ళింది.

ఇప్పుడు హాలియాలో ఎవరు ఇల్లు కట్టినా, షట్టరుకు మోటారు ఏది మంచిదో అడగడానికి 'రిమోట్ గుర్వయ్య' దగ్గరికే వస్తారు. అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, అతను అందరికీ ఒకటే చెబుతాడు.

"ముందుగాల స్ప్రింగులు చూపియ్యి. గవి మంచిగుంటే మోటర్ దండుగ. కాదూ, కొంటనంటవా? అయితే ముందు రోడ్డు దాటి పోయి, ఎదురింటోడు ఏం కొన్నడో అడిగి రా."