రొయ్యల కేకలో ఫ్రెంచి పాఠం

ఆ రోజుల్లో మార్కులు ఎక్కడ రాలతాయో తెలిస్తే చాలు, భాష ఏదైనా మాకొకటే. ఉప్పాడ నుంచి రోజూ బస్సెక్కి కాకినాడలో ఇంటర్మీడియట్ చదువుతున్న నేను, సీనియర్లు "ఫ్రెంచిలో చేతికొచ్చింది రాసినా మార్కులేసేస్తారే" అన్నారని సంస్కృతం వదిలేసి అందులో చేరిపోయాను. (ఫ్రాన్సు ఏ దిక్కున ఉందో నాకు తెలియదు. సముద్రానికవతల అని మా నాన్న చెప్పాడు. చేపల వేటకెళ్ళే మనిషికి ప్రపంచమంతా సముద్రానికవతలే.)

మా ఇంట్లో పాఠం ఒప్పజెప్పనిదే కంచం ముందు కూర్చోనిచ్చేవారు కాదు. అమ్మ చదివింది అయిదో తరగతి. పగలంతా కాకినాడ వీధుల్లో చేపలమ్మి వచ్చి, సాయంత్రం నా నోట్సు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. ఆవిడ చదవగలగాలని ఫ్రెంచినంతా తెలుగక్షరాల్లో రాసిచ్చేదాన్ని. ఒకసారి, వీలుంటే మాట్లాడుదును, మాట్లాడుదువు అని చెప్పడం ఎలాగో నేర్పే పాఠం వచ్చింది. జ పార్లరె, తు పార్లరె, ఇల్ పార్లరె, ను పార్లరియోఁ, వు పార్లరియే, ఇల్ పార్లరె. అమ్మ వేలుపెట్టి చదివి, "ఏంటే ఇది, ఆరింట్లో నాలుగు ఒక్కలాగే ఉన్నాయి! ఈ ఫ్రెంచోళ్ళు మహా పిసినారోళ్ళే!" అంది. మూడు రోజులు కుస్తీపట్టినా నాకు రాలేదు. చివరికి అమ్మే విసుగెత్తి, "పచ్చి రొయ్యలమ్మో, నెత్తళ్ళమ్మో" అని వీధి మలుపుల్లో పెట్టే కేక రాగంలో దాన్ని అందుకుంది. 'రియోఁ' దగ్గర పైకెత్తి, 'రియే' దగ్గర కిందికి దింపి. ఒక్కపూటలో నోటికొచ్చేసింది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, రాగం తీస్తే తప్ప అది రాదు. మర్నాడు క్లాసులో ఫ్రెంచి మేడం లేపి చెప్పమంటే, గొంతు దాకా వచ్చింది రొయ్యల కేకే. అది బయటికొస్తే నేనెవరి కూతురినో తెలిసిపోతుంది. అప్పటికే పక్కన కూర్చునే డాక్టరుగారమ్మాయితో మా నాన్నగారిది సీ ఫుడ్ బిజినెస్ అని కోశాను మరి. బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డాను. "రేపు ఇంట్లోవాళ్ళని తీసుకురా. లేదంటే నిన్ను మళ్ళీ సంస్కృతంలోకి పంపించేస్తాను" అంది మేడం. సంస్కృతం అప్పటికి సగం సంవత్సరం ముందుకెళ్ళిపోయింది. నా ఇంటరు గంగలో కలిసినట్టే.

మర్నాడు అమ్మ అమ్మకం మధ్యలోనే తట్టతో సహా వచ్చేసింది. గేటు దగ్గర తట్ట దించి, కొంగుతో చెమట తుడుచుకుని, నన్ను చూసి నవ్వింది. "ఎవరే ఆవిడ?" అని డాక్టరుగారమ్మాయి అడిగింది. కాలి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను. అమ్మ విన్నదో లేదో తెలియదు గానీ, నవ్వు ఆపేసి ఆఫీసు గది ఎటని వాచ్‌మేన్‌ని అడిగింది.

మేడం మా క్లాసు గుమ్మంలోనే నిలబెట్టి, "మీ అమ్మాయి ఇంట్లో చదువుతుందా అండి?" అంది. "ఎందుకు చదవదండీ! రోజూ నాకు ఒప్పజెప్తాదండి. కావాలంటే ఇనండి" అంటూ అమ్మ ఆ ఆరింటినీ అదే రాగంలో అందుకుంది. నెత్తిన తట్ట లేకపోయినా అలవాటుగా ఒక చెయ్యి పైకి లేచింది. క్లాసు గొల్లున నవ్వింది. మేడం నవ్వలేదు. "మళ్ళీ ఒకసారి చెప్పండి" అని, రెండోసారి తనూ గొంతు కలిపింది. మూడోసారికి బెంచీలన్నీ కలిశాయి. తల దించుకుని నేనూ అన్నాను. నా చదువు నిలబడింది.

తిరుగు బస్సులో ఖాళీ తట్ట మా ఇద్దరి మధ్యా ఉంది. కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ అమ్మ అడిగింది. "ఇంతకీ దానర్థం ఏంటే?"

"వీలుంటే మాట్లాడుదును అని, అమ్మా."

"వీలుంటే ఏంటి! మాట్లాడితే పోలా" అంది. అంతే. గేటు ఊసు ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బావుండేది.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ అరుగూ లేదు, తీరాన్ని కోసుకుంటూ వచ్చి సముద్రం తీసుకుపోయింది. నేను కాకినాడలోనే ఓ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఫ్రెంచి ఎందుకూ అక్కరకు రాలేదు గానీ, ఆదివారం మా వీధిలో చేపలావిడ కేక వినబడితే పెదవులు వాటంతటవే కదులుతాయి. ఫ్రిజ్జులో చేపలున్నా కిందికి దిగిపోతాను. తట్ట దించడానికి చెయ్యేసి, ఊరేది, పిల్లలేం చదువుతున్నారు, నీకు ఒప్పజెప్తారా అని మొదలుపెడతాను. మొన్న ఆవిడ ఇక ఉండబట్టలేక, "మేడంగారూ, మీరు కొనేది అరకేజీ, మాట్లాడేది అరగంటండి!" అంది.

నవ్వొచ్చింది. ఇంకో అరకేజీ వెయ్యమన్నాను.