వాల్డా నూనన్ కొట్టిన హారన్

ఈ ఏడాది మా కర్రాబిల్ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఎలా ఆడిందని ఎవరైనా అడిగితే వాల్డా నూనన్ ముందు ఒక నిట్టూర్పు విడుస్తుంది. తర్వాత "కూర్చో" అంటుంది. కూర్చున్నవాడి పని అయిపోయినట్టే. ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఆగస్టు దాకా ఒక్క ఆట వదలకుండా, ఒక్క వెధవని వదలకుండా ఏకరువు పెడుతుంది. చివరి ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం "టీ తాగుతావా?" అంటూ లేచిపోతుంది. ఆ ఆట సంగతి ఆమె చెప్పదు గనక నేను చెబుతాను.

వాల్డా మా ఊరి స్కూలు బస్సు నడిపేది. ఇప్పుడు జట్టులో ఆడుతున్న వాళ్లంతా ఒకప్పుడు ఆ బస్సులో ముక్కులు తుడుచుకుంటూ కూర్చున్నవాళ్లే. కాబట్టి వాళ్లను తిట్టే హక్కు తనకు ఎవరో రాసిచ్చారని ఆమె నమ్మకం. శనివారం వచ్చిందంటే పాత పికప్ బండిని తెచ్చి మైదానం కంచెకు ముక్కు ఆనించి నిలబెడుతుంది. ఆ బండి పోయిన మొగుడు కెవ్‌ది. ఆ చోటు మాత్రం ఆమెది. తెలియక అక్కడ బండి పెట్టిన మందుల కంపెనీవాడు ఒకడు మళ్లీ మా ఊరి మొహం చూడలేదు. నేను మాంసం కూరిన మీట్ పైలు వేడిచేసి అమ్మే క్యాంటీన్ కిటికీ సరిగ్గా దాని పక్కనే. ఆమె తిట్లు వినకుండా ఒక్క పై అమ్మిన పాపాన పోలేదు.

మా దగ్గర ఆట చూడటమంటే కంచె చుట్టూ బండ్లు పెట్టుకుని, మాకు జూన్, జులైలే చలికాలం గనక అద్దాలు ఎత్తుకుని, లోపల కూర్చుని చూడటమే. మనవాడు గోల్ కొడితే చప్పట్లు కొట్టరు, హారన్లు మోగిస్తారు. వాల్డాది మామూలు హారన్ కాదు. కెవ్ గోధుమల లారీకి జంట గాలి హారన్లు ఉండేవి. లారీ అమ్మేసేటప్పుడు వాటిని ఊడబెరికి, ఒకటి ఈ బండికి బిగించి, రెండోది షెడ్డులో దాచాడు. అది మోగిందంటే పొలిమేర అవతల కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి.

ఈ ఏడాది ఆటలు మొదలవకముందే, ఆట అయిపోయిందని చెప్పే మైదానం సైరన్ పాడైంది. టైం చూసేవాళ్లు కూర్చునే గూట్లో ఎలుకలు తీగలు కొరికేశాయి. కొత్తది తెప్పిస్తాం, తెప్పిస్తాం అంటూ క్లబ్బువాళ్లు మీనమేషాలు లెక్కపెడుతుంటే చూసి చూసి విసుగెత్తి, వాల్డాయే షెడ్డులోని రెండో హారన్ తెచ్చి వాళ్ల ముందు పడేసింది. "బిగించుకోండి. కెవ్ ఉంటే తనే తెచ్చిచ్చేవాడు" అంది. బిగించారు. తీరా మోగిస్తే అచ్చం వాల్డా బండి హారనే! ఆ మధ్యాహ్నమే క్లబ్బు అధ్యక్షుడు మెర్విన్ డాల్‌గ్లీష్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె బండి కిటికీ దగ్గరికొచ్చాడు.

"వాల్డా, ఒక్క మాట. ఇకనుంచి నువ్వు హారన్ కొట్టకూడదు."

"ఏం? చెవులు నొప్పెడుతున్నాయా?"

"రెండూ ఒకేలా మోగుతున్నాయి కదా. గోల్ పడ్డప్పుడు నువ్వు కొట్టావనుకో, మనవాళ్లు ఆట అయిపోయిందనుకుని ఆగిపోతారు."

"వీళ్లు గోల్ కొట్టినప్పటి మాట కదా అది! పోవయ్యా, కొట్టనులే. హాయిగా నిద్రపో."

కొట్టలేదు కూడా. కొట్టే అవకాశం వాళ్లెక్కడిచ్చారు గనక! మొదటి ఆటలో వంద పాయింట్ల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. రెండో ఆటకు ఇద్దరు ఆటగాళ్లు దారిలో కంగారూను గుద్ది బండి పాడుచేసుకుని, ఆట సగమయ్యాక వచ్చారు. వాళ్లొచ్చాక మా మీద ఇంకా ఎక్కువ గోల్స్ పడ్డాయి. ఒక ఆటలో మనవాడొకడు చక్కగా బంతి పట్టుకుని, చక్కగా తిరిగి, చక్కగా ప్రత్యర్థి చేతిలోకే తన్నాడు. "ఒరేయ్, నీకు రంగులు కనబడవని మీ అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదేంట్రా!" అని వాల్డా కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచింది.

ఇక రెక్స్ హాలిగన్. మాంసం కొట్టు రెక్స్. గోల్స్ కొట్టే పని అతనిది. మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో కూడా పట్టుకోవచ్చు; మైదానానికి ఒక్కో చివర నాలుగేసి గుంజలుంటాయి. మధ్య రెంటి నడుమనుంచి తంతే ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోయినా, గుంజకు తగిలినా ఒకటి. గురి తప్పినవాడి చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టి పంపే ఆట ప్రపంచంలో ఇదొక్కటేనేమో! రెక్స్ ఆ ఒక్కటితోనే ఏడాదంతా కాపురం చేశాడు.

వీటన్నిటికంటే వాల్డాకు ఒళ్లు మండించేది వాళ్ల బద్ధకం. ఇంకా సమయం ఉండగానే చేతులు నడుముకు పెట్టుకుని నిలబడిపోతారు. "సైరన్ మోగేదాకా ఆడండ్రా!" అని ఆమె ప్రతి శనివారం అరిచేది. మా ఆట ఏదైనా రికార్డు చేసి వింటే బంతి శబ్దం కంటే ఈ మాటే ఎక్కువ వినిపిస్తుంది.

ఆమె కోపం వెనక భయం ఉంది. వానల్లేక కుర్రాళ్లు పట్నాలకు పోతున్నారు. మా రెండో జట్టు పోయినేడాదే ఆగిపోయింది. క్లబ్బును మిటాంగ్ క్లబ్బులో కలిపేద్దామన్న మాట చాన్నాళ్లుగా నలుగుతోంది. మిటాంగ్ అంటే పక్క ఊరు. వాల్డా లెక్కలో పక్క ఊరు కాదు, పక్కలో బల్లెం. కలిస్తే ఆటలన్నీ అక్కడే. ఇక్కడి కంచె మేకలు పండబెట్టుకోడానికి పనికొస్తుంది. చలికాలం మధ్యలో ఆమె మెర్విన్‌ను నిలదీసింది.

"ఒక్కటి గెలిస్తే?"

"ఒక్కటి గెలిస్తే ఇంకో ఏడాది నడుపుదామని అందరికంటే ముందు నేనే అంటాను. ఒక్కటీ గెలవకపోతే ఏ మొహంతో నడపమంటావు?"

అప్పటినుంచి ఆమెకు ఒకటే ధ్యాస. ఒక్క ఆట. చివరికి మిగిలింది కూడా ఒక్క ఆటే. అది మా మైదానంలోనే, మిటాంగ్‌తోనే.

ఆ శనివారం మావాళ్లకు ఏం పూనిందో తెలియదు. ఆటలోని నాలుగు భాగాల్లో మూడు అయ్యేసరికి రెండు గోల్స్ ముందున్నారు. ఆ విరామంలో ఊరందరం అలవాటు ప్రకారం మైదానంలోకి నడిచి జట్టు చుట్టూ మూగాం. కోచ్ నోరు తెరిచేలోపే వాల్డా మొదలుపెట్టింది.

"టుల్లీ! నీ మోకాళ్లు బాగానే ఉన్నాయా?"

బ్రైడెన్ టుల్లీ జట్టు నాయకుడు. వారమంతా గొర్రెల ఉన్ని కత్తిరించి, నడుం వంగిపోయి శనివారం ఆటకొస్తాడు.

"బాగానే ఉన్నాయి, మిసెస్ నూనన్."

"అయితే వాటిని వాడు. రెక్స్, నువ్వు గుంజల్ని చూడకు, మధ్యలో చూడు. అందరూ వినండ్రా..."

"సైరన్ మోగేదాకా ఆడాలి" అని ఇరవైమంది ఒకే గొంతుతో పూర్తిచేశారు. కోచ్ కూడా అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

చివరి నిమిషాలొచ్చేసరికి ఆధిక్యం కరిగి మూడు పాయింట్లకొచ్చింది. అప్పుడు టుల్లీ ఎక్కడినుంచో లేచి, ఇద్దరి భుజాల మీదుగా బంతి అందుకుని రెక్స్‌కు పంపాడు. రెక్స్ గుంజలకు ఎదురుగా ఉన్నాడు. తన్నాడు. మా వైపునుంచి చూస్తే బంతి నట్టనడిమినుంచి పోయినట్టే కనబడింది. నేను కూడా చేతిలో ఉన్న సాస్ సీసా ఎగరేశాను. వాల్డా హారన్ మీద చెయ్యి వేసింది.

వేసి, తీయలేదు. ఏడాదంతా దిగమింగుకున్న హారన్ మొత్తం ఒక్కసారిగా బయటికొచ్చింది.

బంతి గుంజను రాసుకుని పోయింది. ఒక్క పాయింటే. అంపైర్ ఆట ముగిసిందని చేయెత్తనూ లేదు, ఆట ఆపనూ లేదు. మావాళ్లు మాత్రం మోగింది సైరనే, గెలిచేశాం అనుకుని చేతులు పైకెత్తి, ఒకళ్లమీద ఒకళ్లు పడి, ఏడుస్తూ నవ్వుతూ కౌగలించుకుంటున్నారు. గూట్లో టైం చూసే ముసలాయన కిటికీలోంచి వంగి రెండు చేతులూ ఊపుతున్నాడు. మేమంతా సంతోషంతో ఊపుతున్నాడనుకుని ఆయనకు తిరిగి చేతులూపాం! మిటాంగ్ కుర్రాడొకడు బంతి చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసి అంపైర్ వంక చూశాడు. "ఆట ఉంది, ఆడు" అన్నాడు అంపైర్.

ఆడాడు. అతనినుంచి ఇంకొకడు, వాడినుంచి మరొకడు. అడ్డం వచ్చేవాడెవడు? టుల్లీ ఒక్కడే సంగతి గ్రహించి వెనక్కి పరిగెత్తాడు. అందుకోలేకపోయాడు. ఖాళీ గోల్‌లోకి బంతి దొర్లించుకుంటూ తీసుకెళ్లినట్టు తీసుకెళ్లి కొట్టారు. అప్పుడు మోగింది గూట్లో సైరన్. అదే గొంతు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. తిందామనుకుని చేతిలోకి తీసుకున్న పైని అలాగే చెత్తబుట్టలోకి విసిరి బండి దగ్గరికెళ్లాను. వాల్డా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నేనే కదా?" అంది.

అబద్ధం ఆడి ఊరుకోబెట్టే ఓపిక నాకు లేదు. "నువ్వే" అన్నాను.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెకు పెద్ద శిక్ష అయింది. తిడితే తిరిగి తిట్టి ఉండేది.

ఆ గురువారం క్లబ్బు హాల్లో ఊరంతా కూడింది. మెర్విన్ ఎటూ చూడకుండా, అప్పగింతలు పెడుతున్నవాడిలా గొంతు సవరించుకుని, మిటాంగ్‌తో కలవడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. అందరికంటే ముందు లేచింది వాల్డా చెయ్యి. హాలంతా అటు తిరిగింది. ఆ చెయ్యిని చూసి, ఇంకెందుకన్నట్టు మరికొన్ని లేచాయి.

"ఏంటలా చూస్తారు? చాలు. పిల్లలు ఏడాదికి ఒక్కటి గెలవబోయారు, అదీ నేనే తగలబెట్టాను. ఇక వీళ్లను ఒక మాట అనడానికి నాకు నోరెక్కడుంది?"

వెనక వరసలోంచి టుల్లీ లేచాడు. నడుం పట్టుకుని లేచాడు.

"మిసెస్ నూనన్, ఏడాదంతా మమ్మల్ని ఏమని అరిచారు?"

జవాబూ తనే చెప్పాడు.

"సైరన్ మోగేదాకా ఆడమని అరిచారు. మోగలేదు. మేం ఆగాం. అంపైర్ నా ఎదురుగానే ఉన్నాడు, ఆయన వంక ఒక్కసారి చూస్తే సరిపోయేది. చూడలేదు. ఎప్పటిలాగే మీ మాట వినలేదు."

"హారన్ నాది కదరా, దద్దమ్మా!"

"సైరన్ కూడా మీరిచ్చిందే కదా? మీరివ్వకపోతే ఈ ఏడాది ఆటే లేదు. చెయ్యి దించండి."

ఆమె దించలేదు. అప్పుడు రెక్స్ లేచాడు. మాంసం కొట్టే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో కుక్కుకున్నాడు.

"మిటాంగ్ కంచె దగ్గర మీకు చోటుండదు, మిసెస్ నూనన్. అక్కడ మొదటి వరసంతా వాళ్లవాళ్లదే. మీరు వెనకెక్కడో ఉంటారు. మాకు వినబడరు."

వాల్డా కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నువ్వు మాట్లాడకు రెక్స్! జానెడు ఇటు తన్ని ఉంటే నాకీ ఖర్మ పట్టేదా? ఎండాకాలమంతా ఎడమకాలితో సాధన చెయ్యి. నేనొచ్చి చూస్తాను. గుంజకు తగిలిందో, నీ సంగతి చెబుతా..."

తిడుతూ వేలు చూపించడానికి చెయ్యి కావాల్సి వచ్చింది. ఎత్తిన చెయ్యి దించింది.

దాని వెనకే మిగతావి ఒక్కొక్కటిగా దిగడం మొదలైంది. మెర్విన్ లెక్కపెట్టడం మానేసి కుర్చీలో కూర్చున్నాడు.