తన స్కాన్ తానే చెడగొట్టుకున్న వైనం

ఎమ్మారై గదిలో టెక్నీషియన్‌గా ఆమె ఉద్యోగమంతా ఒక్క ముక్కలో చెప్పవచ్చు: మనుషుల్ని కదలవద్దనడం. ముసలివాళ్ళను బుజ్జగించి, కుర్రవాళ్ళను కసిరి, హోదా గలవాళ్ళను బతిమాలి అదే మాట చెబుతూ వచ్చింది. అందువల్ల తోటివాళ్ళు ఆమెకు ‘కదలొద్దక్క’ అని పేరు పెట్టారు. ఆ పేరు విని పైకి విసుక్కున్నా, లోలోపల దాన్ని బిరుదుగానే భావించేది.

ఇంతటి నిక్కచ్చి మనిషి తన ఒంటి విషయంలో మాత్రం పరమ అశ్రద్ధ చూపింది. నెలసరి వచ్చిందంటే పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డను మెలిపెట్టి పిండుతున్నట్టుండేది. ఆ రోజుల్లో ఒక మాత్ర మింగి, వేడినీళ్ళ సంచి నడుముకు కట్టుకుని, పైన తెల్లకోటు తొడుక్కుని డ్యూటీకి వచ్చేది. అదే బాధతో స్కాన్‌కు వచ్చిన ఆడవాళ్ళను, “ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నారమ్మా? ముందే చూపించుకోవద్దూ?” అని నిష్ఠగా మందలించేది. అలా మందలిస్తుండగానే కోటు కింద సంచి చల్లారిపోయేది.

చివరికి ఒకనాడు కుర్చీలోంచి లేవలేకపోతే సొంత అక్క వచ్చి గైనకాలజిస్టు దగ్గరకు లాక్కెళ్ళింది. అల్ట్రాసౌండులో ఏమీ తేలలేదు. “ఎండోమెట్రియోసిస్ అని నా అనుమానం. గర్భాశయం లోపలి పొరలాంటిదే బయట అతుక్కుని పెరుగుతుంది. లోతుగా ఉంటే అల్ట్రాసౌండుకు అందకపోవచ్చు, ఎమ్మారై తీయిద్దాం,” అన్నది డాక్టరు. తనకు కంఠతా వచ్చిన ఈ పాఠాన్ని ఆమె మొదటిసారి విన్నట్టు తలూపుతూ విన్నది.

ఇంట్లో అల్ట్రాసౌండు వార్త మరోలా పాకింది.

“ఏమీ లేదన్నారటగా! ఇంకెందుకే ఆ మూలుగు?” అన్నారు అత్తగారు.

“పోనీలే, గండం గడిచింది,” అన్నాడు భర్త, మనస్ఫూర్తిగానే.

అప్పటినుంచి ఆమెకు పట్టుకున్న భయం, జబ్బు కనబడుతుందేమోనని కాదు, కనబడదేమోనని. బొమ్మ శుభ్రంగా వచ్చిందంటే, ఇన్నేళ్ళ బాధనూ ఏమని పిలవాలి? తను నటించానా అని తనకే సందేహం పట్టుకున్నది.

తన విభాగంలోనే, తను పని నేర్పిన సహోద్యోగిని చేతుల మీదుగానే స్కాన్ మొదలైంది. పేగుల కదలిక ఆపే ఇంజెక్షన్ ఇచ్చి, బొమ్మకు సంకేతాలు అందుకునే కాయిల్‌ను పొత్తికడుపు మీద బిగించి ఆ పిల్ల నవ్వింది. “అక్కా, కదలొద్దు.”

“నాకా చెబుతున్నావు?”

“నీకే. నువ్వు నేర్పిందే. ఎవర్నీ వదలొద్దన్నావుగా.”

బల్ల లోపలికి జారింది. మామూలు రోగులకు ఆ చప్పుడంతా ఒకటే రొద. ఆమెకు మాత్రం ఏ మోత ఏ చిత్రానిదో తెలుసు. కొవ్వు మెరుపును అణచి తీసే చిత్రం మోత వినబడగానే చెవులు రిక్కించింది. ఈ జబ్బు వదిలే పాత రక్తం ఉంటే తెల్లగా మెరిసేది అందులోనే. మోత ఆగింది. మళ్ళీ అదే మోత! రెండోసారి తీస్తున్నారంటే ఏదో కనబడినట్టే. కాదు, ఏమీ కనబడక వెతుకుతున్నట్టు. కంట్రోల్ రూమ్ అద్దంలో ఆ పిల్ల ముఖం ఏమైనా చెబుతుందేమోనని మెడ సాచి, నడుము కాస్త పైకెత్తి చూసింది. మూడోసారీ అదే మోత వచ్చేసరికి, పేగు దాకా పాకిందని తేల్చుకుని, మనసులోనే ఆపరేషన్ చేయించుకుని, పథ్యం కూడా తినేసింది.

స్పీకరు గరగరలాడింది. “అక్కా! ఏంటా మెలికలు? ఒక్క బొమ్మా కుదరట్లేదు. ఉన్న ఒక్క గర్భాశయం నాలుగుగా కనబడుతోంది!”

“నేనా? కదిలానా?”

“లేదు, మిషనే కదిలింది!”

ఆమె సిగ్గుతో చచ్చినంత పనైంది. చప్పుళ్ళ శాస్త్రం రాని మనిషైతే ఈపాటికి ఓ కునుకు తీసి ఉండేది. ఆ శాస్త్రాన్నంతా అటకెక్కించి, కళ్ళు మూసుకుని, అచ్చంగా రోగిలా పడుకున్నది.

స్కాన్ పూర్తవగానే, గౌను మార్చుకోకుండానే రేడియాలజిస్టు గదిలోకి వెళ్ళింది. ఆవిడ మితభాషి, తెర మీద గర్భాశయం వెనక భాగం చూపించింది.

“ఈ నల్లటి పట్టీ చూడు. గర్భాశయాన్నీ పేగునూ ఒకదానివైపు ఒకదాన్ని గుంజుతోంది. పేగు గోడలోకి మాత్రం పోలేదు. ఇక్కడ ఈ తెల్లచుక్కలు పాత రక్తం. నీకు చెప్పేదేముంది?”

“పక్కవాళ్ళ కడుపైతే తెలుస్తుంది మేడమ్. అంటే... ఉన్నట్టేనా?”

“ఉంది. నొప్పి బాగా ఉండేదా?”

‘అబ్బే, ఏదో ఓ మాదిరిగా’ అన్న జవాబు అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

“చాలా ఉండేది మేడమ్,” అన్నది. “చాలా.”

వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. “కనబడిందండీ!”

“ఏం కనబడింది?” అన్నాడతను కంగారుగా.

“జబ్బు! గర్భాశయం వెనకాల. స్పష్టంగా ఉంది.”

“మరి పరీక్ష పాసైనట్టు చెబుతావేంటి?”

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గౌను చేతితో ముక్కు తుడుచుకుంటూ గోడవారన కూర్చుండిపోయింది. స్కాన్ కోసం బెంచీ మీద ఎదురుచూస్తున్న ఒకావిడ జాలిపడి పక్కకు జరిగి, రమ్మని చోటిచ్చింది.