చలి పోయిందని పాలపిట్ట చెప్పింది

చలి ఎప్పుడు పోతుందో దివిసీమ మొత్తమ్మీద నన్ను అడిగే తెలుసుకునేవారు. రేడియోలో చెప్పేది వాతావరణం, నేను చెప్పేది నిజం. పిట్టల వాలకం చూసి, ఇక దుప్పట్లు మడతపెట్టుకోవచ్చని నేనంటే తిరుగులేదు. బందరు నుంచి కూడా మనుషులొచ్చి కనుక్కుని వెళ్ళేవారు.

మనుషులు అన్నాను గానీ వచ్చేది ఒక్కావిడే. ఆవిడది బందరు దగ్గర సముద్రపొడ్డు ఊరు. ఎండుచేపల గంప దించి మా అరుగు మీద కాసేపు కూర్చునేది. ఆవిడ అడిగేది కూడా చలి గురించి కాదు, మంచినీళ్ళు. చలి సంగతి నేనే చెప్పేవాణ్ణి.

ఫోను చెయ్యాలంటే సెంటర్లో ఎస్టీడీ బూత్‌కి నడవాల్సిన రోజులవి. ఆ ఏడు వరికోతలప్పుడు మా ఆవిడకి ఉబ్బసం ముదిరింది. డాక్టరు కొన్నాళ్ళు ఊళ్ళో ఉండొద్దన్నాడని గుడివాడలో చెల్లెలింటికి వెళ్ళింది. చలిగాలి పడటం లేదు కాబోలు, పాపం అనుకున్నాను. నేను వండుకున్న పప్పు కుక్క కూడా ఆలోచించి తినేది. ఎప్పుడొస్తావని ఫోనులో అడిగితే "వస్తాలెండి, తొందరేముంది" అనేది. అంచేత చలి ఎప్పుడు పోతుందా అని పిట్టల మీద పడ్డాను.

పుష్యమాసంలో ఒక పొద్దున మా వరికుప్ప మీద పాలపిట్ట వాలింది. ఇంటి పక్క కళ్ళంలో ఉన్న ఆ కుప్పని, మా ఆవిడ వచ్చాక నూర్పిద్దామని అలాగే ఉంచాను. వచ్చిన కూలీలందరికీ వేళకి అన్నాలు పెట్టించడం నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. చలికాలమంతా కరెంటు తీగ మీద ముడుచుకు కూర్చునే ఆ పిట్ట, ఉన్నట్టుండి నిట్టనిలువునా పైకి లేచి, గొంతు చించుకుంటూ, పల్టీలు కొడుతూ కిందికి దిగింది. జత కోసం వేసే వేషాలవి. జత వెతుక్కుంటోందంటే వసంతం వచ్చినట్టే కదా.

తీరా మర్నాడు మంచు ఎంత పట్టిందంటే, కుప్పే కనపడలేదు. మంచు విడిచాక చూస్తే, చలికాలంలో వచ్చే పిట్టలు మినుము చేలో తోకలాడించుకుంటూ తిరుగుతూనే ఉన్నాయి. అవి పోలేదంటే చలి పోనట్టే. మధ్యాహ్నం మామిడిచెట్టులో కోయిల ఒక్కసారి కూసి, ఎవరో కసిరినట్టు ఊరుకుంది. ఎవర్ని నమ్మాలో తెలియలేదు. స్వెట్టరు వేసుకుని ఉక్కపోస్తోందని విప్పాను, విప్పి వణికాను.

చేపలావిడ వస్తే అడిగాను. "మీ ఒడ్డున పిట్టలు వెళ్ళిపోయాయా అమ్మా?"

"ఎక్కడికండీ బాబాయ్‌గారూ, బురద మీద ఇంకా గుంపులు గుంపులుగా ఉన్నాయి. అయినా పిన్నిగారు రావాలంటే పిట్టల్ని అడుగుతారేంటి? ఆవిడ్నే అడగండి."

"అడిగితే తొందరేముంది అంటోంది."

"అయితే తొందర మీకేనన్నమాట" అని నవ్వి గంప ఎత్తుకుంది.

ఆ నవ్వుకి రోషమొచ్చి బూత్‌కి వెళ్ళాను. మరదలు ఎత్తింది.

"ఏం బావగారూ, ఇవాళ కూడా పప్పు మాడిందా?"

"మీ అక్కని పిలువమ్మా."

మా ఆవిడ రాగానే అందుకున్నాను. "పాలపిట్టలు వందలకొద్దీ పల్టీలు కొడుతున్నాయి. కోయిలల గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయి. చలి పోయింది, బయల్దేరు."

"వందలా?" అంది. ఆవిడ అలా అడిగితే నేను ఎప్పుడూ తట్టుకోలేను.

"వందలు కాదులే, ఒకటే" అన్నాను. "కోయిల కూడా ఒక్కసారే కూసింది. పొద్దున మంచు కూడా పడింది. అసలిది చలికాలమో కాదో నాకే తెలియడం లేదు."

"కుప్ప నూర్పించారా?"

"నువ్వు లేకుండా ఎలా? చలి పోయి నువ్వొచ్చాక..."

"చలికి నేనెప్పుడు భయపడ్డానండీ? గుడివాడలో చలి లేదా? నాకు పడనిది నూర్పిడి దుమ్ము. మీరు ఆ కుప్ప నూర్పించి, కళ్ళం ఊడ్పించేదాకా, పిట్టలు తలకిందులుగా నడిచినా నేను రాను."