వాము మూట

మచ్చ బొల్లారంలో ఇస్త్రీబండి ఎల్లేష్ ముందు తుమ్మి ఎవరూ తప్పించుకోలేరు. వాము గుడ్డలో మూటకట్టి, దానిమీద వేడి ఇస్త్రీపెట్టెను కాసేపు ఆనిస్తాడు. ఆ మూటను ముందు, పక్కనే బట్టలు మడతపెట్టే భార్య రోజారాణి ముక్కుకు పెడతాడు. ఆమె తలూపితేనే జలుబు చేసిన మనిషికిస్తాడు. ముందు పెళ్లానికెందుకని జనం నవ్వుకుంటారు.

నిన్న ఆమె ఎదురింట్లో బట్టలివ్వడానికి వెళ్లినప్పుడు, ఇస్త్రీకి బట్టలిచ్చే హేమచంద్ ముక్కు చీదుకుంటూ వచ్చాడు. ఎల్లేష్ మూటమీద పెట్టె ఆనించి, “పెరుగు బంద్ జెయ్యి సారూ. పండే ముందు పాలల్ల పసుపేసుకొని తాగు” అంటూ మాటల్లో పడ్డాడు. పెట్టెకింద మూట మాడిపోయింది. రోజారాణి రోడ్డు దాటి పరుగున వచ్చి పెట్టె లేపింది.

“ముక్కు దిబ్బడ నాకు. నీకు తెలియలేదా?” అన్నాడు హేమచంద్.

“నాదే తప్పు సారూ, బొగ్గులెక్కువేసిన” అంది రోజారాణి.

కరోనా జ్వరం తర్వాత ఎల్లేష్‌కు ఏ వాసనా తెలియదు. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. మాడువాసన తెలియని చేతికి పట్టుచీర ఎవరిస్తారు?

ఇవాళ పొద్దున్నే రోజారాణికి జలుబు చేసింది. ఎల్లేష్ బండి తెరవలేదు.